కటింగ్ మాస్టారి కుడి గది

మా బావ కటింగ్ మాస్టారు. మెషీను తొక్కడం వేరు, బట్ట కత్తిరించడం వేరు అని నాకు ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతూనే ఉన్నాడు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేసుకోవచ్చట, కత్తెర తప్పితే మాత్రం ఇక చేసేదేమీ ఉండదట. అందుకే షాపులో అందరి బల్లలకంటే తన బల్ల ఎత్తుగా ఉంటుందని ఆయనకి కాస్త గర్వం. ఆ గర్వాన్ని మా అక్క భరిస్తుంది, నేను వెక్కిరిస్తాను. బావమరిదినైనందుకు ఆ మాత్రం సేవ చెయ్యకపోతే ఎలా?

ఆ షాపులో చేరేనాటికి ఆయనకి మీసం కూడా రాలేదు. మూడేళ్లు ఇస్త్రీ, రెండేళ్లు కాజాలు, నాలుగేళ్లు మెషీను. తొమ్మిదేళ్లకి పాత మాస్టారు కత్తెర చేతికిచ్చి, నెల రోజులపాటు పాత న్యూస్‌పేపర్లు మాత్రమే కత్తిరించమన్నాడట. ఆ నెల గురించి చెప్పేటప్పుడు బావ ఇప్పటికీ నిటారుగా కూర్చుంటాడు. అక్కని పెళ్లి చేసుకున్న రోజు గురించి చెప్పేటప్పుడు మాత్రం అలా కూర్చోడని అక్క కంప్లయింటు.

ఆయనకి ఒక పిచ్చి ఉంది. ఎవరింటికి వెళ్లినా అక్కడున్నవాళ్లని కళ్లతోనే కొలిచేస్తాడు. ఒకసారి మా జిరాక్సు షాపులో కూర్చుని, కాగితాలు పట్టుకొచ్చిన ఒక పెద్దాఫీసరుని ఎగాదిగా చూసి, ఆయన వెళ్లాక, "ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికుందిరా" అన్నాడు.

"పిలిచి చెప్పమంటావా?"

"ఛ, పాపం. మన దగ్గరికొస్తే చొక్కాలో సర్దేస్తాను. ఆయనకీ తెలీదు, చూసేవాళ్లకీ తెలీదు."

అదీ మా బావ. మనుషుల వంకరలు కనిపెట్టడం, వాటిని ఎవరికీ కనపడకుండా కప్పేయడం, ఈ రెండూ ఆయనకి అన్నం పెట్టాయి.

ఒకసారి కొలిచిన మనిషి కొలతలు ఆయన మర్చిపోడు. చాలా ఏళ్ల కిందట ఒక స్కూలు మాస్టారు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. బావ మెడ చుట్టూ టేపు వేసి, ఆగిపోయి, "మాస్టారూ, పోయిన ఏడాది పదిహేనున్నర. ఇప్పుడు పద్నాలుగున్నర. చొక్కా సంగతి తర్వాత చూద్దాం, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి" అన్నాడు. ఆయన నవ్వుతూనే వెళ్లాడు. తీరా చూస్తే ఒంట్లో చక్కెర ఆకాశాన్ని అంటుతోందట. ఆ మాస్టారు బతికున్నన్నాళ్లూ మా బావ కనిపిస్తే రోడ్డు దాటి వచ్చి మరీ పలకరించేవాడు. అప్పటినుంచి బావకి ఒక నమ్మకం కుదిరిపోయింది. నిరుటి కొలత, ఇప్పటి కొలత పక్కపక్కన పెడితే మనిషి సంగతంతా తెలిసిపోతుందని. మామూలు నమ్మకం కాదు, గుడ్డి నమ్మకం. ఆ నమ్మకమే ఆయన్ని నలభై రోజులు చంపుకుతింది.

సంగతి మొదటినుంచి చెబుతాను. ఒకరోజు మధ్యాహ్నం కోటు బట్ట మీద సుద్దతో గీతలు గీస్తుండగా బావకి దవడ లాగింది. పన్నునొప్పి అనుకుని రెండు వీధుల అవతల ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లాడు. ఆ మహానుభావుడు బావ నోరు తెరిపించకముందే చొక్కా తడిసిపోయి ఉండటం చూసి, తన కారులోనే ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. గుండెపోటుకి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి బతికి బయటపడ్డవాడు మా చుట్టాలందరిలో బావ ఒక్కడే.

మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరిచారు. ఇంకో మూడు చోట్ల అడ్డాలు ఉన్నాయి, కొన్నాళ్లాగి బైపాస్ ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆపరేషన్‌కి ముందు ఎకో స్కాను తీశారు. హార్ట్ డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. గుండెకి కింద రెండు గదులుంటాయట. ఎడమ గది ఒళ్లంతటికీ రక్తం తోస్తుంది, కుడి గది ఊపిరితిత్తులకి తోస్తుంది. అందరూ ఎడమ గది గురించే అడుగుతారు, కుడిదాన్ని పట్టించుకునేవాడు ఉండడు. బావకి మొదట మూసుకుపోయిన నాళం ఆ కుడి గదికి రక్తం అందించేదేనట. అది దెబ్బతినుంటే ఆపరేషన్ చాలా కష్టమయ్యేదట.

"కానీ మీ అదృష్టం, అది పూర్తిగా కోలుకుంది" అన్నాడు డాక్టరు. "గుండె కొట్టుకున్నప్పుడల్లా కుడి గది అంచు కిందికి దిగుతుంది. పదిహేడు మిల్లీమీటర్లు దిగితే చాలు. మీది ఇరవై రెండు దిగుతోంది. ఇదే మీకు శ్రీరామరక్ష."

మిల్లీమీటర్లు అనగానే బావ ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా డాక్టర్లు చెప్పిన ఏ ముక్కా ఆయనకి ఎక్కలేదు, ఇది ఎక్కింది. ఇంటికొచ్చి అక్కకి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఎడం పెట్టి చూపించాడు. "ఇదిగో, ఇంత. ఇంత దిగుతోందట నా గుండె." అక్క ఆ వేళ్లవంక చూసి కళ్లు తుడుచుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఎడమ కాలిలోంచి ఒక సిర తీసి గుండెకి వేశారు. పదో రోజుకి బావ ఇంట్లో ఉన్నాడు, నెల తిరిగేసరికి నన్ను తిడుతున్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆపరేషన్ అయిన ఆరు వారాలకి మళ్లీ ఎకో తీయించి, ఆ కాగితం పట్టుకుని రమ్మన్నారు ఆసుపత్రిలో. దగ్గర్లోనే ఒక స్కాను సెంటరు ఉంటే అక్కడికే వెళ్లాడు బావ. నేను తోడు వెళ్లాల్సింది. ఆరోజు మా జిరాక్సు షాపులో పరీక్షల హాల్‌టికెట్లకోసం పిల్లలు బారులు తీరారు, వెళ్లలేదు. అది నా తప్పే. సాయంత్రం ఫోను చేస్తే "అంతా బాగుందటరా" అన్నాడు. తర్వాత వారం, ఆసుపత్రికి ఎప్పుడెళ్లాలి బావా అంటే, డాక్టరు సెలవులో ఉన్నాడు, వచ్చాక వాళ్లే ఫోను చేస్తారట అన్నాడు. నేను నమ్మాను. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడు చెబితే ఎవరైనా నమ్ముతారు.

ఆ తర్వాత బావ మెల్లగా మారిపోయాడు. పొద్దున నడక మానేశాడు. షాపుకి రోజూ రెండు గంటలు మాత్రం వెళ్లి వచ్చేవాడు, వచ్చాక కుర్చీలో కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు. నేను ఎన్ని జోకులు వేసినా ఉలుకూ పలుకూ లేదు. ఆపరేషన్ నీరసం అనుకున్నాం. ఒకరోజు మాత్రం, "పాపని ఒకసారి పంపించు, యూనిఫాం కొలతలు తీసుకోవాలి" అన్నాడు. పాప అంటే నా కూతురు, ఏడేళ్లది. దాని స్కూలు గౌన్లన్నీ మామయ్యే కుట్టాలి, వేరేవాళ్లు కుట్టినవి వేసుకోదు. పంపించాను. కొలతలు తీసుకున్నాక నాకు ఫోను చేసి, "నువ్వు పదేళ్లప్పుడు ఎంత పొడుగుండేవాడివి? మీ ఆవిడ పొడుగెంత? వాళ్లమ్మగారు పొడుగేనా?" అని వరసపెట్టి అడిగాడు.

"ఏంటి బావా, సంబంధాలు చూస్తున్నావా? దానికింకా పాలపళ్లు ఊడుతున్నాయి" అన్నాను. ఆయన నవ్వలేదు.

మరో రెండు వారాలకి కాజాలాయన మా షాపుకి వచ్చాడు. ఆయన బావకంటే పెద్దవాడు, ముప్పై ఏళ్లుగా ఆ షాపులో కాజాలు కుట్టేది ఆయనే. ఎప్పుడూ అవతలి వీధి దాటి రానివాడు ఒక పెద్ద మూట మోసుకుంటూ వచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. విప్పాడు. అన్నీ స్కూలు గౌను బట్టలు, కత్తిరించి, కుట్టకుండా, విడివిడిగా కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్కో కట్ట మీద సుద్దతో ఒక్కో అంకె. ఎనిమిది, తొమ్మిది, పది... పదిహేను దాకా.

"ఇవి నన్ను కుట్టి పెట్టమన్నాడు బాబూ. ఏడాదికొకటి మీ పాపకి ఇమ్మన్నాడు. అదేంటయ్యా, నువ్వెక్కడికి పోతున్నావు అంటే మాట్లాడడు. నాకేం తోచక మీ దగ్గరికొచ్చాను."

నేను ఆ కట్టలు ఒక్కొక్కటే విప్పి చూశాను. మా బావ కుట్టుకి ఎంత కావాలో అంతే వదిలేవాడు, దారం మందం కూడా ఎక్కువ వదిలేవాడు కాదు. ఈ బట్టలకి మాత్రం అన్ని పక్కలా నాలుగేసి వేళ్ల బట్ట వదిలాడు. పిల్ల ఎంత పెరుగుతుందో తెలియదు కదా, అప్పుడు విప్పి సరిచెయ్యడానికి తను ఉండడు కదా, అందుకు. పదిహేను అంకె ఉన్న కట్ట చేతిలో పట్టుకుని నేను కౌంటరు వెనక స్టూలు మీద కూలబడిపోయాను. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది.

షట్టరు దించి నేరుగా బావ ఇంటికి వెళ్లాను. అక్క బజారుకెళ్లింది. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మూట ఆయన ముందు పెట్టి, "ఇదేంటి?" అన్నాను.

బావ లేచి, అలమరలో పాత కోటు లోపలి జేబులోంచి రెండు కాగితాలు తీసి నా చేతికిచ్చాడు. ఒకటి ఆపరేషన్‌కి ముందుది. రెండోది స్కాను సెంటరుది. రెండింటిలోనూ ఒకే వరుస కింద పెన్సిలుతో గీత. ఒకదాంట్లో ఇరవై రెండు. రెండోదాంట్లో పన్నెండు. పక్కనే చిన్న అక్షరాల్లో పదిహేడుకంటే తగ్గకూడదని ఉంది.

"సగమైపోయిందిరా" అన్నాడు బావ. "కుడి గది పోయింది. ఇదే నా శ్రీరామరక్ష అన్నాడు కదా డాక్టరు. అదే పోయింది."

"ఆ మాట డాక్టరు చెప్పాడా?"

"చెప్పేదేముంది? కొలత చెబుతోంది. ఇదిగో, ఇది కూడా చూడు." పంచె కాస్త పైకి లాగి ఎడమ కాలు చూపించాడు. చీలమండ దగ్గర వాపు. "వార్డులో నా పక్క మంచం ఆయన చెప్పాడు. కుడి పక్క చెడితే కాళ్లు వాస్తాయట. నీరసం కూడా రోజురోజుకీ పెరుగుతోంది. అక్కకి చెప్పకు. అది తట్టుకోలేదు. ఉన్నన్నాళ్లు హాయిగా ఉండనీ."

నాకు ఏడుపొచ్చింది, దాన్ని తిట్టుగా మార్చాను. "నువ్వు కటింగ్ మాస్టారివా, హార్ట్ డాక్టరువా? మెషీనాయన వచ్చి నీ బల్ల మీద కత్తిరిస్తానంటే ఊరుకుంటావా? మరి డాక్టరు బల్ల నువ్వెందుకు ఎక్కావు? రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్తున్నాం. రానంటే ఇప్పుడే అక్కకి చెబుతాను."

పొద్దున అక్కతో, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం అన్నాను. కంగారులో వేరే అబద్ధం తట్టలేదు.

"మళ్లీ పళ్ల డాక్టరా?" అని అక్క నావంక ఒక చూపు చూసి, చెప్పులు వేసుకుంది. "నేనూ వస్తాను." అడ్డుచెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. బస్సు ఆసుపత్రి ముందు ఆగితే ఇక్కడికెందుకు అని కూడా అడగలేదు ఆవిడ. వరండాలో బెంచీ మీద కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుంది.

ఎకో గదిలోకి ఒక్కరినే తోడు రానిచ్చారు. చిన్న గది, కిటికీకి మందపాటి తెర. స్కాను తీసే ఆవిడకి నలభై ఐదేళ్లుంటాయి, తెల్లకోటు చేతులు మడిచి ఉన్నాయి. బావని ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోమని, గుండె మీద చల్లటి జిగురు రాసి, పరికరం ఆనించింది. తెర మీద బూడిద రంగులో ఏదో తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది. నాకు ఏమీ అర్థం కాలేదు. "ఊపిరి వదిలి ఆపండి... చాలు, పీల్చుకోండి" అంటూ ఆవిడ గీతలు గీస్తోంది.

"ఆ కుడి గది ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు బావ, గోడవైపే చూస్తూ.

"పన్నెండు" అంది ఆవిడ.

బావ కళ్లు మూసుకున్నాడు. నేను గోడ పట్టుకున్నాను. ఆ తల్లి మాత్రం పరికరం తియ్యలేదు. ఇంకో చోట పెట్టింది, ఒత్తింది, పక్కకి తిప్పింది, మళ్లీ ఊపిరి ఆపమంది. పావుగంట పట్టింది. నాకు అసహనం పెరిగిపోయింది. పన్నెండు అని తేలిపోయాక ఇంకా ఏం వెతుకుతోంది? చివరికి లేచి వెళ్లి డాక్టరుని పిలుచుకొచ్చింది. బావకి ఆపరేషన్‌కి ముందు చెప్పిన డాక్టరే. ఆయన తెర చూసి, పాత రిపోర్టు చూసి, బావ పట్టుకొచ్చిన కాగితం చూసి, "ఇది చూసి నెలన్నరగా ఇంట్లో కూర్చున్నారా?" అన్నాడు.

బావ లేచి కూర్చుని తలూపాడు.

"మీరు చూసింది ఒక్క కొలత. గది అంచు పొడుగువాటంగా ఎంత దిగుతోందో చెప్పేది. ఆపరేషన్‌లో గుండె చుట్టూ ఉండే సంచిని తెరుస్తాం. తెరిచాక చాలామందిలో ఆ అంచు మునుపటంత దిగదు. అంతమాత్రాన గది నీరసపడినట్టు కాదు. ఇదిగో చూడండి." తెర మీద వేలు పెట్టాడు. "పొడుగువాటంగా తగ్గింది, అడ్డంగా పెరిగింది. పక్క గోడలు లోపలికి ఎంత గట్టిగా ముడుచుకుంటున్నాయో చూశారా? గది మొత్తం కొలిచారు ఈవిడ. నిండిన రక్తంలో ఎంత బయటికి తోస్తోందో ఆ లెక్క ముఖ్యం. నలభై ఐదు శాతం దాటితే చాలు. ఆపరేషన్‌కి ముందు మీకు యాభై నాలుగు. ఇప్పుడు యాభై మూడు."

"ఒకటే తేడానా?" అన్నాడు బావ.

"ఆ ఒకటీ తేడా కింద లెక్కే కాదు. మీ కుడి గది శుభ్రంగా ఉంది."

"మరి కాలు వాచింది కదండీ?"

డాక్టరు వంగి రెండు కాళ్లూ నొక్కి చూశాడు. "గుండెవల్ల అయితే రెండు కాళ్లూ వాస్తాయి. మీకు వాచింది సిర తీసిన కాలు. కొన్నాళ్లు అలాగే ఉంటుంది, తగ్గుతుంది. నీరసం అంటారా, నడక మానేసి కూర్చుంటే నాకైనా వస్తుంది. రేపటినుంచి నడవండి. మందులు మాత్రం ఒక్క పూట మానకూడదు. ఈసారి కాగితం చేతికొస్తే ముందు నాకు చూపించండి."

బావ కాసేపు తెరవంకే చూశాడు. తర్వాత తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకున్నాడు. "పొడుగొక్కటే కొలిచి కోటు కత్తిరిస్తే ఏమవుతుందో నాకు తెలీదుటండీ? చుట్టుకొలత చూడకుండా కత్తెర పెట్టినవాణ్ణి నేనే బల్ల దగ్గరికి రానివ్వను. ఎంత బుద్ధితక్కువ పని చేశాను!" ఆ మాట అంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగలేదు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆగలేదు. నేను ఆయన వీపు నిమురుతూ నిలబడ్డాను. ఒళ్లంతా తేలికైపోయి, నాకూ నవ్వొచ్చింది.

జిగురు తుడుచుకుని చొక్కా వేసుకుంటూ బావ స్కాను తీసిన ఆవిడవైపు చూశాడు. "అమ్మా, మీ కోటు చేతులు ఒకటిన్నర అంగుళం పొడుగున్నాయి, అందుకే మీరు మడుస్తున్నారు. మా షాపుకి పంపించండి, సరిచేసి ఇస్తాను." అప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది, బావ తిరిగొచ్చేశాడని.

వరండాలో అక్క బెంచీ మీద మేము వదిలినట్టే కూర్చుని ఉంది. నేను నోరు తెరవబోతే బావ ఆపాడు. తనే పక్కన కూర్చుని, రెండు కాగితాలూ ఆవిడ ఒళ్లో పెట్టి, మొత్తం చెప్పాడు. ఇరవై రెండు, పన్నెండు, గౌన్లు, అబద్ధాలు, యాభై మూడు. ఏమీ దాచలేదు. అక్క చివరిదాకా విని, "ఇప్పుడు బాగానే ఉందన్నారా?" అంది.

"బాగానే ఉందన్నారు."

"డాక్టరే అన్నాడా? మీరు అనుకుంటున్నారా?"

"డాక్టరే అన్నాడు. వీడూ విన్నాడు."

అక్క నావంక చూసింది, నేను తలూపాను. అప్పుడు వచ్చింది ఆవిడకి కోపం. "మీకు బుద్ధుందా? నేను తట్టుకోలేనా? ఈ నలభై రోజులూ నేను పడుకున్నాననుకున్నారా? మీరు కళ్లు మూసుకోవడం ఆలస్యం, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటమే నా పని. ఏమైందో చెప్పరు. అడిగితే ఎక్కడ నిజం చెప్పేస్తారో అని నాకు భయం." వరండాలో జనం చూస్తున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. బావ తలొంచుకుని, తిట్లన్నీ వరసగా తింటూ కూర్చున్నాడు.

తిరుగు బస్సులో అక్కా బావా పక్కపక్కన కూర్చున్నారు, నేను వాళ్ల వెనక సీట్లో. బావ మెడ తిప్పి, "కాజాలాయనకి చెప్పు, ఆ కట్టలు కుట్టొద్దని. అంత ముందుగా ఏ పిల్ల కొలత ఎవడికి తెలుస్తుంది? ఏటా పాపని పంపించు, కొలుచుకుంటాను" అన్నాడు. సరేనన్నాను. అప్పటికే అక్క తల బావ భుజం మీదికి వాలిపోయింది. నోరు కాస్త తెరుచుకుంది. సంచీ ఒళ్లోంచి జారుతోంటే బావ చేత్తో పట్టుకున్నాడు.

మా స్టాపు వచ్చింది. నేను లేచి అక్క భుజం తట్టబోయాను. బావ కళ్లతోనే వద్దన్నాడు. బస్సు కదిలింది. మా వీధి, టైలరు షాపు, నా షట్టరు అన్నీ కిటికీలోంచి వెనక్కి పోయాయి. ఇది ఎక్కడిదాకా పోతుందో తెలుసా బావా అన్నాను, గొంతు తగ్గించి.

"పడుకోనీరా" అన్నాడు. "తొందరేముంది?"